నీళ్ళ అడుగున ఇరవై నిమిషాలు

మీ పిల్లలెవరైనా ఒకరోజు పొద్దున టిఫిన్ తింటూ "అమ్మా, నేను సముద్రం అడుగుకి దిగి చేపల్ని చూసొస్తా" అంటే మీరేమంటారండీ? నేనైతే పొయ్యి మీద నుంచి తల తిప్పకుండానే "ముందు ఆ ఉప్మా తిను" అన్నాను. మా అమ్మాయి డిగ్రీ మూడో సంవత్సరం. దాని మాట నేను పట్టించుకోలేదు. కానీ అది పట్టు వదల్లేదు.

మాది గాంధారి, కామారెడ్డి జిల్లా. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా ప్రయాణం చెయ్యాలి. మాకు నీళ్ళంటే చెరువు, బోరు, కాస్త దూరం పోతే నిజాంసాగర్. చేపలంటే బొచ్చె, రవ్వ, చుట్టాలొచ్చిన రోజైతే కొర్రమీను. అవి కూడా బుట్టలో మంచంత చప్పబడి పడుకున్నవే గానీ ఈదుతుండగా చూసింది తక్కువ.

పైగా మా ఇంట్లో నీళ్ళంటే హడలు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా పెద్దమ్మ కొడుకు బర్రెల్ని కడగడానికి చెరువులోకి దిగి తిరిగి రాలేదు. పదమూడేళ్ళ పిల్లాడు. ఆ రోజు నుంచి మా అమ్మ మమ్మల్ని చెరువు కట్ట ఎక్కనివ్వలేదు. బతుకమ్మను నీళ్ళలో వదలడానికి కూడా మగవాళ్ళే దిగేవారు, మేము గట్టు మీదే. అలా మా ఇంట్లో నలుగురు ఆడపిల్లలం, ఒక్కరికీ ఈత రాదు. మా పిల్లలకీ నేర్పించలేదు. మీ ఇళ్ళలోనూ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. ఎండాకాలం సెలవులొస్తే చాలు, పేపరు తెరవాలంటే భయం కదండీ. చెరువులో ఒకరు, క్వారీ గుంటలో ఇద్దరు, కాలువలో ఒకరు.

సంగతేమిటంటే, 2025 కార్తీక మాసంలో మేమూ, మా చెల్లెలి కుటుంబమూ కలిసి వ్యాను మాట్లాడుకొని కర్ణాటక యాత్రకి బయల్దేరాం. గోకర్ణం, మురుడేశ్వరం, కొల్లూరు మూకాంబిక, ఉడుపి. మురుడేశ్వరం ఉత్తర కన్నడ జిల్లాలో సముద్రం ఒడ్డునే ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. 123 అడుగుల శివుడి విగ్రహం, ఇరవై అంతస్తుల రాజగోపురం, దానికి లిఫ్టు. ఆ లిఫ్టు ఎక్కి పైనుంచి చూస్తే మూడు వైపులా నీళ్ళే. దూరంగా, నీళ్ళకీ ఆకాశానికీ మధ్య పడమట దిక్కున ఒక చిన్న మచ్చ. అదే నేత్రాణి దీవి. ఒడ్డు నుంచి సుమారు 19 కిలోమీటర్లు.

మా అమ్మాయి పొద్దున టిఫిన్ దగ్గర అడిగింది ఆ దీవి గురించేనని నాకు అప్పుడు తెలిసింది! ఇంట్లో యాత్ర మాట ఎత్తినప్పటి నుంచే లెక్కలు వేసుకుంటోందన్నమాట.

నేత్రాణిలో మనుషులుండరు. అడవి పావురాలు ఎక్కువని ఇంగ్లీషువాళ్ళు పావురాల దీవి అని పేరు పెట్టారు. తెల్లపొట్ట సముద్రపు గద్దలు అక్కడ గూళ్ళు కట్టుకుంటాయి. గతంలో మన నౌకాదళంవాళ్ళు గురి చూసి ఫిరంగులు పేల్చడం నేర్చుకోవడానికి ఈ దీవినే వాడుకున్నారట. పాపం, పావురాలు ఎలా భరించాయో! ఇప్పుడు యాత్రికులు వెళ్ళేది దీవి మీదకి కాదు. పడవ దీవి పక్కన ఆగుతుంది, అక్కణ్ణించి నీళ్ళలోకి దిగుతారు. దీవి చుట్టూ రాళ్ళ మీద పగడపు దిబ్బలున్నాయి, వాటి చుట్టూ చేపలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, పెద్ద అలలు కాబట్టి పడవలు వెళ్ళవు. అక్టోబరు నుంచి మే దాకా వెళ్తాయి. డిసెంబరు, జనవరిలో నీళ్ళు బాగా తేటగా ఉంటాయన్నారు. దీవి ఒడ్డుకి దూరంగా ఉండడం మంచిదైంది. ఒడ్డు దగ్గర నదులు తెచ్చే మట్టి, అలలు లేపే ఇసుక కలిసి ఏమీ కనబడదు. హొన్నావర దగ్గర శరావతి నది కలిసేది ఆ సముద్రంలోనే మరి.

పిల్లలిద్దరూ, అంటే మా అమ్మాయి, మా చెల్లెలి కూతురు, దిగుతామన్నారు. చెల్లెలి కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, పదిహేడేళ్ళు. మా మరిది ముచ్చటపడి ఇద్దరికీ ఫోనులోనే డబ్బులు కట్టేశాడు. నా పేరు గానీ, మా చెల్లెలి పేరు గానీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తరు కదా!

ముందురోజు సాయంత్రం పాఠం చెప్పారు. నేనూ వెనక కుర్చీలో కూర్చున్నాను, ఏం చెప్తారో విందామని. ఒక స్థానిక కుర్రాడు హిందీలో చెప్పాడు. వింటుంటే నాకు అన్నీ వంటింటి సంగతులే గుర్తొచ్చాయి.

వీపుకి కట్టుకునే సిలిండరు మన ఖాళీ గ్యాస్ బండంత బరువుంటుంది. అందులో ఉండేది ఆక్సిజన్ అనుకున్నాను నేను. కాదట, మనం పీల్చే మామూలు గాలే. కాకపోతే దాదాపు రెండు వందల రెట్లు నొక్కి కుక్కుతారు. దాన్ని నోటికి అందించే పరికరం పేరు, చెప్పుకోండి చూద్దాం... రెగ్యులేటరు! పేరు కలవడమే కాదండీ, చుట్టరికం కూడా ఉంది. 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి దీన్ని తయారుచేశారు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసు మీద నడిపించడానికి గాన్యాన్ ఒక రెగ్యులేటరు చేసి పెట్టుకున్నాడు. దాన్నే మార్చి, మనిషి పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలేలా చేశారు. మన పొయ్యి కింద ఉన్నదానికి ఇది పినతల్లి బిడ్డన్నమాట.

తరవాత ఒత్తిడి గురించి చెప్పాడు. ఇది కాస్త శ్రద్ధగా చదవండి, ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

మేము వచ్చేటప్పుడు హుబ్బళ్ళి వైపు నుంచి ఘాట్ దిగాం. పైన తాగి మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసా కిందికి వచ్చేసరికి తనంతట తనే నొక్కుకుపోయింది. పిల్లలు నవ్వారు. కింద గాలి ఒత్తిడి ఎక్కువ, అందుకని. ఆ ఘాట్ మొత్తం దిగితే పెరిగే ఒత్తిడి నీళ్ళలో ఒక్క మీటరు దిగితేనే పెరుగుతుందట! పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది. అందుకే చెవులు నొప్పెడతాయి. ముక్కు మూసుకొని మెల్లగా చెవుల్లోకి గాలి ఊదాలి, టప్‌మని తెరుచుకుంటాయి. దిగుతూ మీటరుకోసారి అలా చెయ్యాలి. జలుబుంటే తెరుచుకోవు. అందుకని జలుబుతో దిగనివ్వరు, మాత్ర వేసుకొని దిగుతానన్నా వద్దంటారు.

ఇక పైకి వచ్చేటప్పుడు దీనికి తలకిందులు. ఘాట్ ఎక్కేటప్పుడు చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతుంది చూశారూ? అదే. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చామనుకోండి, ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. ప్రాణం పోవచ్చు. అందుకని స్కూబాలో మొట్టమొదటి నియమం ఊపిరి ఆపకూడదు. పీలుస్తూ, వదులుతూనే ఉండాలి. చిత్రం కదండీ! మనకు చిన్నప్పటి నుంచి తెలిసింది నీళ్ళలో ఊపిరి బిగబట్టాలని.

పాఠం అయ్యాక ఒక ఫారం ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. గుండె జబ్బు ఉందా, మూర్ఛ ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, గర్భవతులా, ఆయాసం ఉందా అని వరసగా ప్రశ్నలు. అవును, కాదు అని గుర్తు పెట్టాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి తల్లో తండ్రో సంతకం చెయ్యాలి.

మా చెల్లెలి కూతురికి ఆయాసం ఉంది. చిన్నప్పటి నుంచీ చలికాలం వస్తే పిల్లికూతలు. ఇప్పుడు చాలా నయం, కానీ పంపు ఇంకా బ్యాగులోనే ఉంటుంది. ఆ ప్రశ్న దగ్గర పిల్ల పెన్ను ఆగింది. తల్లి వైపు చూసింది.

"లేదని పెట్టు" అంది మా చెల్లెలు మెల్లగా. "ఏడాది నుంచి రాలే గదా. పిల్ల ఎన్ని దినాల నుంచో ఆశపడుతుంది."

నేను ఊరుకోలేకపోయాను. "ఉన్నదున్నట్టు రాయి బిడ్డా" అన్నాను.

"అక్కా, నీ బిడ్డకు లేదు కాబట్టి నువ్వు అంటవు" అంది చెల్లెలు. మాట సూదిలా దిగింది. అందరూ మా వైపే చూస్తున్నారు. మా మరిది బయటికి నడిచాడు.

ఆడవాళ్ళం ఇలాంటి చోట ఎందుకు దాస్తామో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆడపిల్లకి ఆయాసం ఉందని కాగితం మీద పడితే రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా తవ్వుతారేమోనని. పంపు చుట్టాల ముందు వాడకు, లోపలి గదిలోకి పో అంటాం. స్కూల్లో డ్రిల్లు మాస్టారుకి చెప్పం. ఆ అలవాటే సముద్రం ఒడ్డుకి కూడా వచ్చింది. అది డాక్టరు కాగితమైనా, పెళ్ళిచూపుల కాగితమైనా మనకు ఒకటే భయం.

ఆ కుర్రాడే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎందుకు అడుగుతారో నెమ్మదిగా చెప్పాడు. ఆయాసం ఉన్నవాళ్ళకి లోపలి గాలి గొట్టాలు సన్నబడతాయి. సిలిండరు గాలి బాగా పొడిగా, చల్లగా ఉంటుంది, ఉప్పునీటి తుంపర ఒకటి, భయం ఒకటి. ఈ మూడూ కలిసి లోపలుండగానే ఆయాసం తెప్పించవచ్చు. అప్పుడు సన్నబడ్డ గొట్టాల వెనక గాలి చిక్కుకుంటుంది. పైకి వస్తుంటే ఆ చిక్కిన గాలి ఉబ్బుతుంది, బయటికి వచ్చే దారి ఉండదు. ఊపిరి బిగబట్టకపోయినా బిగబట్టినట్టే. "ఆయాసం ఉన్న వాళ్ళెవరూ ఎప్పటికీ దిగకూడదని కాదమ్మా. డాక్టరు ఊపిరి పరీక్ష చేసి రాసిస్తే దిగేవాళ్ళున్నారు. ఆ కాగితం లేకుండా నేను దించను" అన్నాడు.

పిల్ల ఫారంలో 'అవును' అని పెట్టి కాగితం బల్ల మీద పెట్టేసింది. ఏడవలేదు. పంపు తీసి చూపించింది కూడా. మా చెల్లెలు మాత్రం ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు మిగిలిన సమస్య, కట్టిన డబ్బులు! వాపసు రావన్నారు. కావాలంటే ఇంకొకరు దిగొచ్చన్నారు. మావారికి బీపీ, మరిదికి చెవి బాగాలేదు. చెల్లెలు పడవ కూడా ఎక్కనంది. అందరూ నా వైపు చూశారు. వేలకు వేలు నీళ్ళపాలు చెయ్యడం నాకు ఇష్టంలేదు. నలభై మూడేళ్ళు, బీపీ లేదు, షుగరు లేదు, ఈత రాదు. "ఈత రాకపోయినా ఫరవాలేదమ్మా, నేను మిమ్మల్ని వదలను" అన్నాడు కుర్రాడు. ఫారం నింపాను. అన్ని ప్రశ్నలూ రెండుసార్లు చదివి నింపాను. మీలో కొందరికి ఉండే సందేహం నాకూ ఉంటే అక్కడున్న ఒకమ్మాయిని చాటుగా అడిగాను. నెలసరిలో దిగకూడదన్న నియమమేమీ లేదట, ఓపికుంటే చాలు.

మర్నాడు ఏడింటికల్లా పడవ. గంటకు పైగా ప్రయాణం. పడవ ప్రయాణంలో వాంతులు ఎక్కువ. అందుకు నాకు పనికొచ్చినవి చెప్తాను. ఖాళీ కడుపుతో ఎక్కకండి, రెండు ఇడ్లీలు తినండి. నూనె వస్తువులు వద్దు. అల్లం మురబ్బా ముక్క బుగ్గన పెట్టుకోండి. పడవ వెనక భాగంలో కూర్చొని దూరాన నీళ్ళూ ఆకాశం కలిసే గీతనే చూడండి, ఫోను చూడకండి. మా అమ్మాయి ఫోను చూసింది, రెండుసార్లు కక్కుకుంది.

రబ్బరు బట్టలు తొడుక్కోవడం ఒక ప్రహసనం. పెళ్ళిలో బిగువు జాకెట్ తొడుక్కోవడం దీని ముందు ఏ మూల! పుస్తెల తాడు బయట వేలాడితే దేనికైనా తగులుకుంటుందని లోపలికి దోపుకోమన్నారు. మా అమ్మాయి నన్ను చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ ఆపలేదు.

నీళ్ళలోకి దిగి, తాడు పట్టుకొని, ముఖం ముంచాను. మొదటి రెండు నిమిషాలు నరకం. ముక్కు మూసి ఉంటుంది, నోటితోనే పీల్చాలి. గుండె దడ. వద్దు, పైకి పోతానని బొటనవేలు పైకెత్తాను. అక్కడ దానికి అర్థం నిజంగా 'పైకి పోదాం' అనే. మనలాగా 'భేష్' అని కాదు. బాగుందంటే బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలపాలి. అతను వెంటనే పైకి తెచ్చాడు. విసుక్కోలేదు. "ఎన్నిసార్లయినా రావచ్చు, తొందర లేదు" అన్నాడు. మూడోసారికి, వదిలిన గాలి బుడబుడమని చెవి పక్క నుంచి పోవడం వింటూ ఉంటే భయం తగ్గింది. అన్నం ఉడికే చప్పుడులా ఉంది అది.

ఏడెనిమిది మీటర్లు దిగామట. చేతికి గుడిలో కట్టిన ఎర్రదారం కిందికి దిగేకొద్దీ మట్టిరంగైంది, ఆఖరికి నలుపైంది. నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయట. పైగా అద్దంలోంచి అన్నీ పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. నేను చేప ముట్టుకోబోయాననుకున్నాను, అది బారెడు దూరంలో ఉంది.

చేపలండీ! పసుపు, నీలం, చారలు, చుక్కలు. చీరల దుకాణంలో ఒకేసారి తాన్లన్నీ పరిచినట్టు. మనం చూసే చేపలు చచ్చినవి, వాటి కళ్ళు ఒకే తీరుగా ఉంటాయి. ఇవి మనల్ని చూస్తాయి! ఒకటి నా అద్దం ముందుకి వచ్చి నిలబడి, పరాయిదాన్ని చూసినట్టు చూసి పోయింది. రాతి సందులోంచి పాములాంటి చేప ఒకటి తల బయటపెట్టి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంది. కరవడానికని హడలిపోయాను. తరవాత చెప్పారు, అది ఊపిరి తీసుకోవడమేనట. నన్ను చూసి అదే అనుకుందేమో, ఈ ఆవిడ నోరెందుకు తెరుస్తోందని.

నాకు బాగా నచ్చింది చిలక చేప. రంగూ చిలకదే, ముక్కూ చిలకదే. పళ్ళన్నీ కలిసిపోయి ముక్కులా అవుతాయి. దాంతో రాళ్ళ మీద నాచుని కరకరా గీకి తింటుంది. ఆ చప్పుడు నీళ్ళలో స్పష్టంగా వినబడింది. గీకేటప్పుడు రాయి కూడా పోతుంది కదా, దాన్ని గొంతులో ఉన్న ఇంకో వరస పళ్ళతో రోట్లో వేసినట్టు నూరి, వెనకనుంచి తెల్లటి ఇసుకగా వదిలేస్తుంది. పెద్ద జాతులైతే ఒక్క చేపే ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తుందట. కొన్ని చోట్ల మనం కాళ్ళు చాపుకొని కూర్చునే తెల్ల ఇసుక ఆ చేప నూరిన పిండేనన్నమాట! రాత్రి పడుకునేటప్పుడు కొన్ని చిలక చేపలు ఒంటి చుట్టూ జిగురుతో దోమతెరలాంటిది కట్టుకుంటాయని కూడా చెప్పారు.

ఒక రాయి దగ్గర పెద్ద చేపలు వరసలో నిలబడ్డట్టు ఉన్నాయి. వేలంత నీలిచారల చేప ఒకటి వాటి ఒళ్ళంతా, మొప్పల్లో, నోట్లో దూరి పురుగులు ఏరి తింటోంది. బ్యూటీ పార్లరే! ఆ చిన్న చేపల గుంపులో ఒక మగది, కొన్ని ఆడవీ ఉంటాయి. మగది చస్తే అన్నిటికంటె పెద్ద ఆడచేప కొద్ది రోజుల్లో మగదిగా మారిపోయి పెత్తనం తీసుకుంటుంది. మావారికి ఈ సంగతి చెప్తే "మన ఇంట్లో నేనుండగానే జరిగింది" అన్నారు.

పగడాల సంగతి చెప్పాలి. మన పుస్తెల పక్కన గుచ్చుకునే పగడం ఎరుపే కదా, కింద అలాంటివే ఉంటాయనుకొని వెతికాను. లేవు. గోధుమరంగు బండలు, మెదడులా మడతలున్నవి, కొమ్మల్లాంటివి. అవే పగడపు దిబ్బలు. చూస్తే రాయిలా ఉంటుంది గానీ అదంతా ఆవగింజంత జీవులు కట్టుకున్న ఇల్లు. బండలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరో, అంతకంటె తక్కువో పెరుగుతుంది. అంటే నా అంత ఎత్తు పెరగాలంటే వందేళ్ళ పైమాటే. మన నగల్లో ఎర్ర పగడం వేరే జాతి, పేరుపడ్డది మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది, ఇటలీలో చెక్కుతారు. రెండువేల ఏళ్ళ కిందటే ప్లినీ అనే రోమన్ రచయిత, మనకు ముత్యాలెంతో ఇండియావాళ్ళకు పగడాలంత అని రాశాడు. ఎక్కడో ఇటలీ సముద్రంలో పుట్టి గాంధారిలో నా మెడకెక్కింది, ఆ రోజు రబ్బరు బట్టల లోపల మళ్ళీ సముద్రంలోకి వెళ్ళింది.

దిబ్బల్ని ముట్టుకోవద్దని ముందే గట్టిగా చెప్పారు. చెయ్యి తగిలితే ఆ జీవులు చస్తాయి, కాలు పెడితే వందేళ్ళది విరుగుతుంది. అంతకంటె పెద్ద ముప్పు వేడి. నీళ్ళు మామూలు కంటె ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలుంటే చాలు, పగడం తనకు అన్నం పెట్టే నాచుని వదిలేసి తెల్లగా పాలిపోతుంది. ప్రపంచం మొత్తం మీద అలా 1998లో, 2010లో, మళ్ళీ 2014 నుంచి 2017 దాకా జరిగింది. నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నేను చూసిన దిబ్బ మీద కూడా అక్కడక్కడా సున్నం కొట్టినట్టున్న చోట్లున్నాయి.

సముద్రం ఊళ్ళలో దుకాణాల్లో ఎవరైనా తెల్లటి పగడపు కొమ్మలు షోకేసులోకని అమ్మితే కొనకండి. దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద పులితో సమానం. అమ్మినా, కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే.

ఇరవై నిమిషాలకి పైకి తెచ్చారు. మెల్లగా, ఆగుతూ. అప్పుడే గబగబా పైకి రాకూడదు, ఆ రోజే విమానం ఎక్కకూడదు. ఒత్తిడిలో గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. మూత తీసిన సోడాలా ఒక్కసారిగా పొంగితే కీళ్ళ నొప్పులు, పక్షవాతం దాకా వెళ్ళొచ్చు. కనీసం పద్దెనిమిది గంటలు ఆగి విమానం ఎక్కడం మంచిదంటారు. కొండ దారులు ఎక్కడం కూడా తొందరపడకూడదు. మేము ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు కొల్లూరు వెళ్ళాం.

మా అమ్మ ఫోనులో విని ఏడ్చేసింది. "పిల్లలున్న దానివి, సముద్రంలకు దిగుతవా" అంది. నేను ఆమెకు చెప్పింది మీకూ చెప్తాను. ఆ దీవి దగ్గర నా పక్కన ఒక మనిషి నా చెయ్యి వదలకుండా ఉన్నాడు. ఫారం నింపించారు, ఒక పాఠం చెప్పారు. మా పెద్దమ్మ కొడుకు పక్కన ఎవరున్నారు? 2024 డిసెంబరులో ఇదే మురుడేశ్వరం ఒడ్డున, స్కూలు యాత్రకి కోలారు జిల్లా నుంచి వచ్చిన నలుగురు ఆడపిల్లలు అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. వాళ్ళు లోతుకి దిగలేదు, ఒడ్డునే ఆడుకున్నారు. మేము ఒడ్డున నిలబడి ఉంటే వందల మంది చీరలతో, పసిపిల్లలతో నడుములోతు దాకా పోతున్నారు. ఒక్కరికీ ఈత వచ్చినట్టు లేదు. స్కూబా అంటే కళ్ళు పెద్దవి చేసే మనం అక్కడ మాత్రం "పో బిడ్డా, ఫోటో తీస్తా" అంటాం. వెనక్కి పోయే అల కాలి కింద ఇసుకని లాగేస్తుంది. మోకాలు దాటి పోకండి, పిల్లల చెయ్యి వదలకండి. ఒకవేళ లాక్కుపోతే ఒడ్డు వైపు కొట్టుకోకుండా పక్కకి, ఒడ్డు వెంబడి ఈదమంటారు. ఈదడం వస్తేనే కదా!

మీ పిల్లలు దిగుతామంటే వాళ్ళని కాదు, దింపేవాళ్ళని అడగండి. ఒక్కొక్కరికి ఒక మనిషి ఉంటాడా? అతనికి సర్టిఫికెట్ ఉందా? పడవలో ఆక్సిజన్ ఉందా? సముద్రం బాగాలేకపోతే ప్రయాణం ఆపేస్తారా? ఫారం ఇవ్వకుండా, పాఠం చెప్పకుండా ఎక్కండి ఎక్కండి అనేవాళ్ళయితే తక్కువ ధరకి వచ్చినా వద్దు. అంత దూరం పోలేనివాళ్ళకి మన విశాఖలో రుషికొండ దగ్గర కూడా స్కూబా ఉంది. బంగాళాఖాతం అంత తేటగా ఉండదు, రోజు చూసుకొని దిగాలి.

మా చెల్లెలు ఉడుపిలో మాట్లాడింది. కృష్ణుడి గుడిలో భోజనం దగ్గర "ఇంకొంచెం సాంబారు పోసుకో" అని. అంతే, దాని గురించి ఇద్దరం ఎత్తలేదు. ఇంటికొచ్చాక పిల్లని నిజామాబాద్ తీసుకుపోయి ఊపిరి పరీక్ష చేయించింది. గొట్టంలోకి గట్టిగా ఊదిస్తే ఎంత గాలి ఎంత వేగంగా వస్తోందో మిషను గీత గీసి చూపిస్తుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి. పంపు పీల్చే పద్ధతే సరిగ్గా లేదని డాక్టరు నేర్పించి పంపాడట. ఈత నేర్చుకోవచ్చు, మంచిదే అన్నాడు, స్కూబా సంగతి ఏడాది తరవాత చూద్దామన్నాడు.

మొన్న చెల్లెలే ఫోన్ చేసింది. ఎండాకాలం సెలవుల్లో ఈత నేర్పే చోట ఆడపిల్లలకి వేరే సమయం ఉందా, నెలకి ఎంత తీసుకుంటారో కనుక్కోమంది. ఎంతమందికని అడిగితే కొంచెంసేపు ఆగి, "ఇద్దరికి. పిల్లకూ, నాకూ" అంది.